అరవై కార్డుల రాజు

శనివారం పొద్దున సరిగ్గా తొమ్మిదీ అయిదుకి కృపావరం గారు సొంత కోడలి దగ్గర వాంగ్మూలం తీసుకోవడం మొదలుపెట్టారు. డైనింగ్ టేబుల్‌కి ఆ చివర దేవకుమారి, ఈ చివర ఆయన, మధ్యలో ఇడ్లీలు. ఇడ్లీలకీ కేసుకీ సంబంధం లేదని డైరీలో ముందే రాసేసుకున్నారు.

డైరీ అంటే మామూలు డైరీ కాదు. బాపట్లలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన రోజు నుంచీ ఆయన ఏం చేసినా టైముతో సహా అందులో ఎక్కాల్సిందే. తుమ్మినా ఎక్కుతుంది. ముప్ఫై రెండేళ్ల సర్వీసులో ఆయన పట్టుకోలేని దొంగ లేడు. కొందరైతే ముందే స్టేషన్‌కొచ్చి లొంగిపోయి, ఆ తర్వాత వెళ్లి తీరిగ్గా దొంగతనం చేసుకునేవాళ్లట. ఈ సంగతి ఆయనే చెప్పారు కాబట్టి నిజమే అయుంటుంది. కొడుకింట్లో ఆరు నెలలుండి పోదామని అమెరికాలోని షామ్‌బర్గ్ వచ్చి మూడు నెలలైంది. ఇంతవరకూ దొరికిన కేసల్లా ఇంట్లో హీటు రెండు డిగ్రీలు పెంచిందెవరు అన్నదొక్కటే. అది ఆయనే పెంచారని తేలాక ఆ ఫైలు మూసేశారు.

ఇన్నాళ్లకి అసలు కేసు తగిలింది.

"పెట్టె ఆఖరిసారి ఎప్పుడు చూశావమ్మా?"

"డిసెంబర్ ముప్ఫై సాయంత్రం, మావయ్యా."

"టైము?"

"ఆరు... ఆరున్నర."

"ఆరా, ఆరున్నరా? ఈ అరగంట తేడాలో మనుషులు ఉరికంబం ఎక్కారమ్మా."

"ఆరుంబావని రాసుకోండి. నా డెస్క్ మీదే ఉంది. షూ బాక్సు. క్రిస్మస్‌కి మీరే ఎర్ర కాగితంతో అట్ట వేశారుగా."

వేశారు. క్రిస్మస్‌కి కొన్న రంగు కాగితం చుట్ట మిగిలిపోతే ఆయనకి నిద్రపట్టలేదు. టోపీ లేని కానిస్టేబుల్నీ అట్ట లేని పెట్టెనీ ఆయన చూడలేరు. ఇంట్లో ఉన్న సమస్త అట్టపెట్టెలకీ, టెలిఫోన్ డైరెక్టరీకీ, పనిలో పనిగా టోస్టర్‌కీ ఎర్ర అట్టలు వేసేశారు.

"తర్వాత?"

"తర్వాత జ్వరం. ముప్ఫై ఒకటి నుంచి పడకేశాను. ఒకటో తారీఖు చర్చికీ రాలేదు, మూడో తారీఖు ఆదివారమూ రాలేదు. మొన్న గురువారం లేచి, చివరి చాప్టర్ టైప్ చేద్దామని చూస్తే పెట్టె లేదు."

దేవకుమారి ఇడ్లీ ముక్కని చట్నీలో ముంచి, తినకుండా అలాగే వదిలేసింది.

ఆ పెట్టెలో ఉన్నది ఒక రాజు. పేరు కెల్లహ్. పన్నెండు వందల అరవై ఏళ్ల కిందటి ఐర్లాండు రాజు. పెద్ద రాజేం కాదు. ఆ రోజుల్లో ఐర్లాండులో నూరుకి పైగా రాజులుండేవారు. ఈయన రాజ్యం మన రేపల్లె తాలూకాలో సగముంటే ఎక్కువ. ఈ చివర నిలబడి ఆవుని పిలిస్తే ఆ చివర్నుంచి ఆవు పలికేది, అదీ పక్క రాజుగారి ఆవు. సైన్యమంటే అన్నదమ్ములూ బావమరుదులూ. కోతల కాలంలో వాళ్లూ దొరికేవాళ్లు కాదు. అలాంటి రాజు గురించి ప్రపంచంలో మిగిలిందల్లా డబ్లిన్‌లో ఒక లైబ్రరీలో పాత తోలు కాగితాల మీద అక్కడో లైను, ఇక్కడో లైను. దేవకుమారి అక్కడ మూడు నెలలు కూర్చుని, బియ్యంలో రాళ్లేరినట్టు ఆ లైన్లన్నీ ఏరి, అరవై ఇండెక్స్ కార్డుల మీద రాసుకొచ్చింది. ప్రతి కార్డు కిందా అంకెలు: ఏ సంవత్సరం, ఏ ఆకు. రాజుగారి పుట్టుక నుంచి చావు దాకా అంతా అరవై కార్డులే.

ఆయన మూడేళ్లే ఏలాడని పుస్తకాలన్నీ చెబుతాయి. కాదు, ఏడేళ్లు ఏలాడని దేవకుమారి థీసిస్. సోమవారం పొద్దున పదింటికి ముగ్గురు ప్రొఫెసర్ల ముందు నిలబడాలి. "ఏ ఆకులో ఉందమ్మా?" అని వాళ్లు అడిగినప్పుడల్లా నంబరు చెప్పాలి. చెబితే డాక్టరేటు, ఆ వెంటనే కాలేజీలో ఉద్యోగం. చెప్పలేకపోతే రాజుగారికి నాలుగేళ్ల పాలన, ఆమెకి ఏడేళ్ల చదువు, రెండూ ఒకే పూట పోతాయి.

"ఆ కార్డులు దొంగకేం పనికొస్తాయి? చదివితే ఎవరికైనా అర్థమవుతాయా?"

"అదే నాకూ తెలియట్లేదు మావయ్యా. పక్క సీట్లోవాళ్లు తొంగి చూడకుండా అన్నీ తెలుగులో రాసుకున్నాను."

"భేష్."

"తెలుగంటే మళ్లీ మామూలు తెలుగూ కాదు. రాజుల గురించి నేను తెలుగులో చదివిందల్లా సండే స్కూల్లో బైబిల్ పాత నిబంధనే కదా. చెయ్యి అదే రాసుకుపోయింది. 'మరియు ఆ యేట రాజు ఫలానా చేసెను' అని."

ఈ ముక్క కేసుకి అనవసరమని కృపావరం గారు కొట్టేశారు.

స్టవ్ దగ్గర కాఫీ కలుపుకుంటున్న సామ్యూల్ గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, ఒకటో తారీఖు పొద్దున మనం బయల్దేరేటప్పుడు..."

"నువ్వు సాక్షివి. అడిగినప్పుడు చెబుదువుగాని."

సామ్యూల్ కాఫీ తాగాడు.

ఇంతలో వెనక తలుపు తోసుకుని ఒక మంకీ క్యాప్ వచ్చింది. దాని లోపల సాంబశివరావు గారున్నారు. విజయవాడలో రైల్వే టీసీగా రిటైరై, రెండిళ్లవతల కూతురు ఉష దగ్గరికొచ్చారు. షామ్‌బర్గ్ మొత్తంలో కృపావరం గారికి పడని మనిషి ఆయనొక్కడే, ఆయన లేకపోతే పొద్దు గడవని మనిషీ ఆయనొక్కడే. తెలుగు మాట్లాడే మనుషులు, వేడి బిర్యానీ ఉంటాయని ఆయన ప్రతి ఆదివారం వీళ్ల చర్చికి కూడా వచ్చేస్తారు. దేవుడు దీనికి అభ్యంతరం చెప్పినట్టు దాఖలా లేదు.

"ఏమండీ సీఐ గారూ, దొంగ దొరికాడా? లేక ఇంకా ఇడ్లీల్నే ఇంటరాగేట్ చేస్తున్నారా?"

"టీసీ గారూ, ఇది పోలీసు వ్యవహారం. ప్లాట్‌ఫారం టికెట్ లేకుండా లోపలికి రాకూడదు."

"ముప్ఫై ఏళ్లండీ. విజయవాడ టు విశాఖ. ముఖం చూసి చెప్పేస్తాను. టికెట్ లేనివాడు నేను కనపడగానే కిటికీలోంచి బయటికి చూస్తాడు."

"రైల్లో అందరూ కిటికీలోంచే చూస్తారండీ."

"అందుకే అందర్నీ అడిగేవాణ్ణి. అమ్మాయ్, నీతో చదువుకునే ఆ తెల్లపిల్ల ఎవరో ఉందే, ఆ పిల్ల ముఖం నాకోసారి చూపించు. చాలు."

"బాబాయి గారూ, ఆ అమ్మాయి క్రిస్మస్‌కి వాళ్ల ఊరెళ్లి ఇంకా రాలేదు."

"పారిపోయిందన్నమాట!"

కృపావరం గారు పెన్ను కింద పెట్టారు. రెండు సెకన్ల మౌనం. స్టేషన్లో ఈ మౌనానికే దొంగలు చెప్పులు వదిలేసి పరిగెత్తేవాళ్లు. సాంబశివరావు గారు మాత్రం ఇడ్లీ తీసుకున్నారు.

"చూడమ్మా, ఇంట్లోకి ఎవరూ రాలేదు. తాళం పగల్లేదు. అంటే పెట్టె ఇంట్లోవాటితో కలిసి బయటికి పోయింది. ఆ రోజుల్లో ఇంట్లోంచి బయటికెళ్లిన సామాన్లేంటి?"

దేవకుమారి తలెత్తింది. "చర్చి సామాన్లు! నక్షత్రం, పేపర్ ప్లేట్లు, వాగ్దానాల పెట్టె. అన్నీ ఇక్కణ్ణుంచేగా వెళ్లాయి."

వాగ్దానాలంటే కొత్త సంవత్సరం రోజు చర్చిలో కళ్లు మూసుకుని తలా ఒక కార్డు తీసుకుంటారు. దాని మీద ఒక బైబిల్ వాక్యముంటుంది. ఆ ఏడంతా దేవుడు నీకిచ్చిన మాట అదే. ఫ్రిజ్‌కి అంటించుకుంటారు, పర్సులో పెట్టుకుంటారు, ఉద్యోగం మారాలన్నా ఒకసారి దాన్ని చూసుకుంటారు. దస్తూరీ బాగుంటుందని ఏటా ఆ కార్డులు రాసేది దేవకుమారే.

"బండి తియ్యరా" అన్నారు కృపావరం గారు.

"అదే నాన్నా నేను చెబుదామని..."

"దారిలో."

దారిలో సాంబశివరావు గారు ముందు సీట్లో కూర్చుని, రైళ్లలో తాను పట్టుకున్న నాలుగు వేల మంది గురించి చెప్పడం వల్ల ఎవరికీ అవకాశం రాలేదు.

*

పదీ నలభైకి చర్చి. చర్చంటే ఒక అమెరికన్ చర్చి కింద బేస్‌మెంట్ హాలు. తెలుగువాళ్లకి అద్దెకిచ్చారు. పాస్టర్ రత్నరాజు గారు తాళాలతో ఎదురుచూస్తున్నారు. వారమంతా పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీరు, ఆదివారం పాస్టరు.

"వందనాలు అయ్యగారూ. బీరువా తాళం ఎన్ని?"

"ఒకటే అంకుల్. మేకుకి తగిలించి ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు."

"అంటే అనుమానితులు?"

"అందరూ."

కృపావరం గారికి ఆ జవాబు బాగా నచ్చింది. బీరువా తలుపు మీద వేలిముద్రల కోసం వొంగి చూశారు. నిరుటి పాయసం మరక దొరికింది. తలుపు తెరిచారు. నక్షత్రం. పేపర్ ప్లేట్లు. వాటి పక్కన ఎర్ర అట్ట వేసిన షూ బాక్సు.

దేవకుమారి చిన్న కేక వేసి మూత తీసింది. పై కార్డు చూసింది. భుజాలు జారిపోయాయి.

"ఇవి వాగ్దానాలు మావయ్యా. నా పెట్టె కాదు."

"చెప్పానా? తెల్లపిల్ల" అన్నారు సాంబశివరావు గారు.

పాస్టర్ గారు అయ్యో అనబోయారు. కృపావరం గారు మాత్రం కదల్లేదు. ఆయన ముక్కు రంధ్రాలు పెద్దవయ్యాయి. బాపట్లలో ఈ ముక్కు ఇలా అయిన రోజున మూడు ఊళ్లు ఖాళీ అయ్యేవి.

"అమ్మా, వాగ్దానాలు నువ్వెన్ని రాశావు?"

"అరవై. ఏటా అరవై రాస్తాను."

"అయ్యగారూ, ఒకటో తారీఖు ఎంతమంది తీసుకున్నారు?"

"నలభై ఒక్కటి పోయాయి అంకుల్. నేనే లెక్కపెట్టాను."

"ఇందులో ఎన్నున్నాయో లెక్కపెట్టమ్మా."

దేవకుమారి లెక్కపెట్టింది. ఆగింది. మళ్లీ లెక్కపెట్టింది.

"అరవై."

"లెక్కల్లో నేను వీకే" అన్నారు కృపావరం గారు, ఒక్కో మాటా రూపాయి బిళ్లలా టేబుల్ మీద పెడుతూ. "కానీ అరవైలో నలభై ఒకటి పోతే అరవై మిగలడం మా కాలంలో లేదు. ఈ పెట్టెని ఎవరూ ముట్టుకోలేదు. అయ్యగారూ, అయితే ఆ రోజు నలభై ఒక్కమందీ తీసుకున్నది దేంట్లోంచి?"

పాస్టర్ గారి ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. కోటు జేబులోంచి మెల్లిగా ఒక కార్డు తీసి చదివారు.

"'మరియు ఆ యేట రాజు పొరుగు రాజు ఎడ్లను చూచియు ఆశింపలేదు, మూడు దినములు మాత్రము ఆలోచించెను.'"

"ఏడువందల పదిహేడు!" దేవకుమారి అరిచింది. "ముప్ఫై ఒకటో ఆకు, వెనకవైపు! నా రాజు! మావయ్యా, నా రాజు!"

ఆమె ఆ కార్డుని రెండు చేతుల్తో పట్టుకుని గుండెలకి ఆనించుకుంది. పుట్టిన బిడ్డని ఆస్పత్రిలో మొదటిసారి అందుకున్నప్పుడు కూడా మనుషులు అంత జాగ్రత్తగా పట్టుకోరు.

"నేను పోయిన ఆదివారం దీని మీదే నలభై నిమిషాలు ప్రసంగం చేశాను" అన్నారు పాస్టర్ గారు నీరసంగా.

"ఇది పాత నిబంధనలో ఎక్కడుందో చూసుకోలేదా అయ్యగారూ?"

"వారం రోజులు వెతికాను అంకుల్. దొరకలేదు. ఎవరినైనా అడుగుదామంటే, పాస్టరై ఉండి తెలియదా అంటారని... కింద అంకెలు చూసి పాట నంబరేమో అనుకున్నాం. ఏడువందల పదిహేడో పాట పాడదామంటే పుస్తకంలో అంతదాకా పాటలే లేవు."

"మరి మిగతావాళ్లు?"

"వాళ్లూ అంతే అయ్యుంటుంది. ఎవరికి వాళ్లు తమకి ఒక్కళ్లకే తెలియదనుకుని నోరు మూసుకున్నారు."

మిగిలిన పంతొమ్మిది కార్డులూ ఆయన కారు డిక్కీలో దొరికాయి, రెండో ఎర్ర షూ బాక్సులో. చలికి రాలేకపోయినవాళ్లకి ఇంటికెళ్లి ఇద్దామని ఉంచారట. ఇంకా నయం, రోడ్ల మీద బ్లాక్ ఐస్, అంటే కంటికి కనపడని మంచుపొర వల్ల ఎవరింటికీ వెళ్లలేకపోయారు.

*

పదకొండుంబావు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చర్చి ఆఫీసు ఫోను, పాస్టర్ గారి అడ్రసు పుస్తకం, దేవకుమారి చేతిలో పెన్సిలు. కార్డుతో పనిలేదు, మీద ఉన్న వాక్యం, కింద ఉన్న అంకెలు చదివితే చాలు.

జయంతి ఆంటీ కార్డు ఫ్రిజ్ మీద ఉంది. "'రాజు భార్య అతని మాట వినక తన యిష్టప్రకారము చేసెను, దేశము బాగుపడెను.' పొద్దున్నే మా ఆయన చేత మూడుసార్లు చదివిస్తున్నానమ్మా. ఎందుకు, వెనక్కివ్వాలా?" గొంతులో భయం తెలిసింది. శ్యామ్‌సుందర్ కార్డు కారు డ్యాష్‌బోర్డ్ మీదుంది: "'వర్షము కురియుచుండెను గనుక యుద్ధము మానుకొనిరి.'" దాన్ని నమ్మి అతను మేనేజర్‌తో తలపెట్టిన గొడవ వసంతకాలానికి వాయిదా వేశాడు. ఈలోగా ఆ మేనేజరే ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయాడు. ఒకావిడ ఫ్రేము కట్టించేసింది. ఇంకొకాయన కార్డు పేరుతో ఉపవాసం మొదలుపెట్టేశాడు, ఎందుకంటే ఆ ఏడు రాజుగారికి కడుపునొప్పి వచ్చింది.

నంబర్లు పెరిగేకొద్దీ దేవకుమారి ముఖంలోకి రక్తం వచ్చింది. నవ్వడం మొదలుపెట్టింది. ముప్ఫై ఏడు ఫోన్లు, ముప్ఫై ఏడు కార్డులు. పాస్టర్ గారిది ముప్ఫై ఎనిమిది. సామ్యూల్ పర్సులోంచి తీసిచ్చింది ముప్ఫై తొమ్మిది.

"నీకేం వాగ్దానం వచ్చిందంటే పశువుల గురించి ఏదో అన్నావు!" అంది దేవకుమారి.

"నీ చేతిరాతే కదా, నువ్వు రాసిందే కదా అనుకున్నా."

"మీద కెల్లహ్ అని పేరుంది సామ్! ఏడేళ్లుగా ఇంట్లో ఆ పేరు చెబుతున్నాను!"

"నేను మీ ప్రొఫెసర్ అనుకున్నా" అన్నాడు సామ్యూల్ నిజాయితీగా. తర్వాత తండ్రి వైపు తిరిగి, "నాన్నా, ఇంతకీ ఆ పెట్టె ఎవరు తెచ్చారంటే..."

"అదే కనిపెట్టబోతున్నా. తొందరపడకు. టీసీ గారూ, మీ కార్డు."

సాంబశివరావు గారు వెనక్కి రెండడుగులు వేశారు.

"ఇవ్వను."

"ఇది సాక్ష్యం!"

"ఇది నాది. సీఐ గారూ, నా జన్మలో టికెట్ నేను అడగడమే గాని నన్నెవరూ అడగలేదు." మంకీ క్యాప్ తీసేశారు. పాత తోలు పర్సు తెరిచి, కార్డు ఇవ్వకుండా దూరం నుంచే చదివారు. "'రాజు పోరాడక, తాను తెచ్చుకొనిన పశువులను తానే తోలుకొనిపోయి వారికి అప్పగించెను.' మా నాన్న గోడ గడియారం ఒకటుండేది. ఆయన పోయినప్పుడు నేను పట్టుకొచ్చేశాను. మా తమ్ముడు రాధాకృష్ణ నాతో మాట్లాడి పదకొండేళ్లు. ఈ కార్డు వచ్చిన మర్నాడే ఫోన్ చేశాను. ఒరే, గడియారం నీదేరా, వచ్చి తీసుకెళ్లు అన్నాను. మూడు నిమిషాల కాలు. ఇద్దరం ఏడవడానికే సరిపోయింది, ఎవరికీ ఒక్క మాట వినపళ్లేదు. ఇప్పుడు వచ్చి ఇది దేవుడి మాట కాదు, ఎవడో రాజుదంటే నేనొప్పుకోను."

దేవకుమారి ఆయన దగ్గరికెళ్లింది. "మాట మాత్రం నిజం బాబాయి గారూ. పక్క రాజు యుద్ధానికొస్తాడని అందరూ కత్తులు నూరుకుంటుంటే, ఈయన పొద్దున్నే లేచి ఆవులు తోలుకెళ్లి ఇచ్చేశాడు. ఏడువందల పద్ధెనిమిది. నిజంగా జరిగింది."

"చూశారా!" అన్నారు సాంబశివరావు గారు, ఆ ఆవుల్ని తానే తోలుకెళ్లినట్టు.

"నంబరు చెప్పండి చాలు. కార్డు మీ దగ్గరే ఉండనివ్వండి."

నలభై. డిక్కీలో దొరికిన పంతొమ్మిదీ కలిపి యాభై తొమ్మిది.

దేవకుమారి లిస్టు మీద పెన్సిలు పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ నడిపింది. నవ్వు ఆగిపోయింది.

"ఏడో ఏడు లేదు."

"అంటే?"

"ఆరేళ్ల దాకా కార్డులున్నాయి మావయ్యా. రాజు ఏడో ఏడు కూడా సింహాసనం మీద ఉన్నాడనడానికి ఆధారం ఒక్కటే కార్డు. ఆకు నంబరు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. సోమవారం ఫస్టు అడిగేది అదే."

ఒంటిగంటా ముప్ఫై అయిదు. అడ్రసు పుస్తకంలో పేర్లయిపోయాయి. కృపావరం గారు చేతులు వెనక్కి కట్టుకుని హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచారు.

"ఇదంతా పొరపాటు కాదు" అన్నారు. "రెండో పెట్టెని ఇక్కడికి తెచ్చినవాడొకడున్నాడు. కావాలని తెచ్చాడు. ముఖ్యమైన కార్డు దాచుకున్నాడు. మనిషి తెలివైనవాడు, క్రూరుడు. మన మధ్యే తిరుగుతున్నాడు. వాణ్ణి నేను..."

"ఆగండి" అన్నారు సాంబశివరావు గారు. ఆయన కుర్చీలు లెక్కపెడుతున్నారు. "హాల్లో కూర్చున్నవాళ్లు నలభై. పోయిన కార్డులు నలభై ఒకటి. అంటే సీటు లేని ప్యాసింజరు ఒకడున్నాడు. పాస్టర్ గారూ, ఆ రోజు హాల్లో కాకుండా ఇంకెక్కడైనా ఎవరికైనా కార్డిచ్చారా?"

పాస్టర్ గారు ఆలోచించారు. ఆలోచించినకొద్దీ ఇబ్బందిపడ్డారు.

"కిచెన్‌లో ఒకరికి... బిర్యానీకి కాపలా ఉన్నారు. చేతులకి నూనె ఉందంటే నేనే ఒకటి తీసి జేబులో పెట్టాను."

"ఎవరి జేబులో?"

పాస్టర్ గారు నేల చూశారు. సామ్యూల్ పైకప్పు చూశాడు. దేవకుమారి, సాంబశివరావు గారు మాత్రం ఒకేసారి ఒకే మనిషిని చూశారు.

ఆ బేస్‌మెంట్‌కి కిటికీల్లేవు. అయినా కృపావరం గారు కిటికీలోంచి బయటికి చూశారు.

"నాన్నా, ఇప్పుడైనా చెప్పనా?" అన్నాడు సామ్యూల్. "ఒకటో తారీఖు ఎర్ర పెట్టె మీ ఒళ్లో పెట్టుకునే కార్లో కూర్చున్నారు. పొద్దుట్నుంచీ ఇదే చెబుదామని."

"నేను తెచ్చింది వాగ్దానాల పెట్టెరా! నా జ్ఞాపకశక్తిని..."

"డైరీ" అంటూ సాంబశివరావు గారు చెయ్యి చాపారు. ముప్ఫై ఏళ్లు వేల మంది దగ్గర చాపిన చెయ్యి అది. దానికి ఎదురు చెప్పడం మనుషుల వల్ల కాదు. కృపావరం గారు ఇచ్చేశారు. టీసీ గారు పేజీలు తిప్పి, స్టేషన్లో అనౌన్స్‌మెంట్ గొంతుతో చదివారు.

"'31-12-81. సా. 4.10. డైనింగ్ టేబుల్ మీది ఎర్ర పెట్టెను చర్చికి కొనిపోయి బీరువాలో ఉంచితిని. తాళము వేసితిని.' బాగుంది. తర్వాతి పేజీ. '1-1-82. ఉ. 9.20. ఎర్ర పెట్టె తీసికొనిపోవుట అందరూ మరచిరి. నేను మాత్రము జ్ఞాపకముంచుకొని, కోడలి డెస్క్ మీద చూచి తీసికొంటిని. నేను లేనిచో ఈ ఇల్లు ఏమగునో.'"

చదవడం అయిపోయింది. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే నవ్వితే పడిపోతారు.

ఆ పేజీలోంచి ఒక తెల్ల కార్డు జారి కింద పడింది.

కృపావరం గారు దాన్ని ఒకటో తారీఖు జేబులోంచి తీసి డైరీలో పెట్టుకున్నారు. కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది, తర్వాత చదువుదామనుకున్నారు. తర్వాత ఎవరడిగినా రోజూ ధ్యానిస్తున్నానని చెప్పారు. వారం రోజులు చెప్పాక చదవాలన్న సంగతి మర్చిపోయారు. ఇంతవరకూ దాన్ని చూడనే లేదు.

కృపావరం గారు ఒక కుర్చీ లాక్కుని, స్టేషన్లో ముద్దాయిలు కూర్చున్నట్టు అంచు మీద కూర్చున్నారు. చెవులు ఎర్రగా ఉన్నాయి. సోమవారం పరీక్ష పోతే కోడలి ముఖం చూడలేనని ఆ చెవులకి తెలుసు.

"చదవమ్మా" అన్నారు. "ఛార్జిషీటు ముద్దాయికి చదివి వినిపించాలి. అది రూలు."

దేవకుమారి వొంగి కార్డు తీసింది. ముందు కింద అంకెలు చూసింది. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత మొదటి లైను చూసి, మామగారిని చూసి, మళ్లీ కార్డు చూసింది.

"'ఏడవ యేట, వాకిలి కాచు ముసలివాడు గేటు మూయ మరచెను, పశువులన్నియు చెదరిపోయెను. అవి దొరికిన పిమ్మట రాజు వానిని శిక్షింపక, తన ప్రక్కను కూర్చుండబెట్టుకొని భోజనము పెట్టెను.'"

"గేటు అని రాసింది నువ్వేనా, లేక నిజంగా అప్పుడు గేటుండేదా?" అన్నారు కృపావరం గారు.

"ఉండేది మావయ్యా. ముసలాయన కూడా ఉండేవాడు. నలభై నాలుగో ఆకు, ముందువైపు." ఆమె కళ్లు తుడుచుకుంది, నవ్వుతూనే. "ఇదే ఏడో ఏడు. అరవై దొరికాయి."

"మరి నా శిక్ష సంగతి?"

"పశువులన్నీ దొరికాయిగా. లేవండి, ఇంటికెళ్లి అన్నం తిందాం. నా పక్కన కూర్చోండి."

"నా చేతికి చిక్కిన వీఐపీ ముద్దాయి ఈయనొక్కడే. అప్పుడే వదిలేస్తే ఎలా అమ్మాయ్?" అని సాంబశివరావు గారు గొణిగారు. అయినా డైరీ తిరిగిచ్చేశారు. తాను మాత్రం దేవకుమారికి ఇంకో పక్కన కూర్చుంటానని ముందే సీటు రిజర్వు చేసుకున్నారు.

కృపావరం గారు పెన్ను తీశారు. ఎవరికీ కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ రోజు పేజీలో ఆఖరి ఎంట్రీ రాసుకున్నారు.

'9-1-82. మ. 1.52. దొంగ పట్టుబడెను. వానికి ఆకలిగా ఉన్నది.'